కపోతాక్ష తీరమును మరువని కవి – మైకేల్ మధుసూదన దత్తు

ఊరు విడిచి పోవుట మన పల్లెలకు క్రొత్త కాదు. చదువునకై పట్నము చేరిన పిల్లలు, కొలువునకై పొరుగు రాష్ట్రములకు తరలినవారు, ఒకనాడు ఓడ నెక్కి రంగూనునకు కూలికి పోయినవారు, నేడు విమానములలో సముద్రములు దాటుచున్నవారు ఇంటికొకరైనను కనిపింతురు. పోవునప్పుడు ఉత్సాహముతోనే పోవుదురు. పిమ్మట ఏ సాయంసమయముననో, ఏ పండుగనాడో, ఊరి చెరువుగట్టు, గుడిగంట, తల్లి చేతి వంట జ్ఞప్తికి వచ్చి మనస్సు బరువెక్కును. దీనినే మన యిండ్లలో బెంగ యందురు. పలువురు ఈ బెంగను ఎవరికిని చెప్పుకొనక దిగమ్రింగుదురు. దానిని కవిత్వముగా మలచి తన జాతికి కానుకగా నిచ్చిన మహాకవి యొకడు వంగదేశమున నుండెను. అతడే మైకేల్ మధుసూదన దత్తు.

వంగభాషలో ప్రాసబంధము లేని అమిత్రాక్షర ఛందస్సును ప్రతిష్ఠించినవాడు, పదునాలుగు పాదముల చతుర్దశపదిని ఆ భాషకు తెచ్చినవాడు, ఇంద్రజిత్తును నాయకునిగా నిలిపి మేఘనాదవధ కావ్యమును రచించినవాడు అని సాహిత్య చరిత్రకారులు అతనిని కొనియాడుదురు. ఆ కీర్తి యంతయు సత్యమే. కాని అతని జీవితమున మరియొక కథ కలదు. బాల్యమున అతని కోరిక యంతయు స్వదేశమును విడిచి దూరదేశమునకు పోవలె ననియే. ఆ కోరిక తీరిన పిదప అతని మనస్సు విడిచి వచ్చిన పల్లె చుట్టును, ఆ పల్లె ప్రక్కన పారు నది చుట్టును తిరుగ నారంభించెను.

మధుసూదనుడు 1824 జనవరి 25వ తేదీన జెస్సోరు జిల్లాలోని సాగర్‌దాడి గ్రామమున జన్మించెను. ఆ గ్రామము నేడు బంగ్లాదేశమున నున్నది. తండ్రి రాజనారాయణ దత్తు కలకత్తాలోని సదర్ దివానీ అదాలతులో పేరు పొందిన వకీలు. తల్లి జాహ్నవీదేవి. ఊరి ప్రక్కనే కపోతాక్ష మను నది పారుచుండెను. కపోతాక్ష మనగా పావురపు కన్ను అని యర్థము. ఆ నీటి స్వచ్ఛతను తలచుకొన్నచో ఆ పేరు ఎంత యందముగా నున్నదో తెలియును. తండ్రి వృత్తిరీత్యా కలకత్తాలో నుండుటచే బాలుని పెంపకము పల్లెలో తల్లి చేతులమీదుగా జరిగెను. రామాయణ భారత కథలను, వంగ కవుల పద్యములను ఆమె యొద్దనే అతడు మొదట వినెను. దగ్గర పల్లెలో నొక మౌల్వీ యొద్ద పారసీకము నేర్చుకొనెను. నది, మఱ్ఱిచెట్టు, శివాలయము, దుర్గాపూజ, తల్లి కంఠస్వరము, ఇవి యన్నియు ఆ పసివయస్సుననే అతని హృదయమున చేరినవి. అవి యెంత లోతుగా నాటుకొన్నవో అతనికే ముప్పదియేండ్లు దాటిన తరువాత గాని తెలియలేదు.

కొంతకాలమునకు తండ్రి కుమారుని కలకత్తాకు రప్పించెను. హిందూ కళాశాలలో అతడు చేరెను. ఆ కాలమున ఆ కళాశాల వంగదేశపు యువకులకు క్రొత్త లోకమును చూపిన ద్వారము. కెప్టెన్ రిచర్డ్‌సన్ అను నాచార్యుడు షేక్‌స్పియరును చదివి వినిపించుచుండగా విద్యార్థులు మైమరచి వినుచుండిరి. మధుసూదనుని సహాధ్యాయులలో భూదేవ ముఖోపాధ్యాయుడు, రాజనారాయణ బసు తరువాతి కాలమున వంగదేశమున ప్రఖ్యాతులైరి. గౌరదాస్ బసాక్ అను మిత్రుడు జీవితాంతము అతనికి తోడుగా నిలిచెను. మధుసూదనుడు మాతృభాషను చిన్నచూపు చూచి ఇంగ్లీషులో పద్యములు వ్రాయసాగెను. వానిని ఇంగ్లండులోని పత్రికలకును పంపెను. ఇంగ్లండు పోయినగాని తాను మహాకవి కాజాలనని అతని నమ్మకము. ఎన్నడును చూడని ఆ దేశమును తలచుకొని, అదియే తన నిజమైన యిల్లన్నట్లు అతడు పద్యములలో నిట్టూర్చెను. తన యింట తానుండియే పరాయి దేశముపై బెంగపడిన వింత బాలుడతడు.

ఇంతలో తండ్రి అతనికి వివాహము నిశ్చయించెను. ముఖమైన చూడని బాలికను పెండ్లాడుటకు మధుసూదనుడు అంగీకరింపలేదు. ఈ వివాహమును తప్పించుకొనవలె ననియు, ఇంగ్లండు ప్రయాణమునకు దారి దొరకు ననియు తలచి 1843 ఫిబ్రవరి 9వ తేదీన కలకత్తాలోని ఓల్డ్ మిషన్ చర్చిలో అతడు క్రైస్తవ మతమును స్వీకరించెను. అప్పటికి అతనికి పందొమ్మిది సంవత్సరములు. ఇంగ్లండు ప్రయాణము కుదురలేదు గాని, ఇంటి తలుపు మాత్రము మూసికొనెను. ఒక్కగానొక్క కుమారుడు మతాంతరుడగుట ఆ దినములలో కుటుంబమునకు మృత్యువుతో సమానమైన దెబ్బ. హిందూ కళాశాలలో నిక చదువుటకు వీలు లేకపోయెను. తండ్రి కోపించినను కొంతకాలము ధనమిచ్చి కుమారుని బిషప్స్ కళాశాలలో చదివించెను. అచ్చట అతడు గ్రీకు, లాటిను, సంస్కృత భాషల నభ్యసించెను. చివరకు తండ్రి ధనసహాయము నాపివేయుటతో చేతిలో కాసు లేక, కలకత్తాలో నిలువ నీడ లేక, 1847 చివర మధుసూదనుడు మద్రాసునకు బయలుదేరెను. ఇంగ్లండునకు పోవలసినవాడు దక్షిణమునకు పోయెను.

1848 జనవరిలో మద్రాసు చేరునప్పటికి ఆ నగరమున అతనికి బంధువులు లేరు, అచ్చటి భాష రాదు. అనాథ బాలురకై నడుపబడుచున్న పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరెను. ఆ సంవత్సరమే రెబెకా అను యువతిని వివాహమాడెను. నలుగురు బిడ్డలు కలిగిరి. బడిపని చాలక పత్రికలకు వ్రాయుచు, కొన్నిటికి సంపాదకత్వము వహించుచు సంసారము నీడ్చెను. 1849లో క్యాప్టివ్ లేడీ అను ఇంగ్లీషు కావ్యమును మద్రాసులోనే అచ్చు వేయించెను.

ఆ యేట గౌరదాసునకు వ్రాసిన యొక జాబులో తన దినచర్యను అతడు వివరించెను. ఉదయము 6 మొదలు 8 గంటల వరకు హెబ్రూ, 8 మొదలు 12 వరకు బడి, 12 మొదలు 2 వరకు గ్రీకు, 2 మొదలు 5 వరకు తెలుగు, సంస్కృతము, 5 మొదలు 7 వరకు లాటిను, రాత్రి 7 మొదలు 10 వరకు ఇంగ్లీషు. తెలుగువారికి ఈ జాబు ప్రత్యేకముగా ప్రీతిపాత్రము. వంగదేశపు ఆధునిక కవితకు పునాదులు వేసిన చేతులు మద్రాసులో తెలుగు అక్షరములను దిద్దినవి. ఇంత శ్రమ యెందులకని మిత్రుడడుగునేమో యని తలచి, తన పితరుల భాషను అలంకరించుటకే తాను సన్నద్ధుడగుచున్నానని అతడు సూచించెను. ఇల్లు విడిచి యేడాదిన్నర గడచునప్పటికి ఇంగ్లీషు కవి కాదలచిన యువకుని మనస్సు ఇట్లు మెల్లగా మరలినది.

ఆ మరలుటకు వెనుక నొక భయము కలదు. పలుకరించువారు లేక తన మాతృభాష తన నోటి నుండియే జారిపోవుచున్నదని అతడు గమనించెను. అందుచే కృత్తివాసుని వంగరామాయణమును, కాశీరామదాసుని వంగభారతమును పంపుమని మిత్రుని కోరెను. సేరంపూరు ముద్రణాలయమున అచ్చయిన ప్రతులే కావలెనని మరీ వ్రాసెను. ఊరికి దూరమైనవాడు ఇంటి నుండి ఊరగాయ జాడీ తెప్పించుకొన్నట్లు, ఆ మహాపండితుడు తల్లి యొద్ద విన్న రామాయణమును తెప్పించుకొనెను. హోమరును, వర్జిలును మూలములో చదువుచున్న వానికి వారు తీర్పలేని ఆకలి యొకటి మిగిలి యుండెను.

క్యాప్టివ్ లేడీ ప్రతి యొకటి కలకత్తాలో విద్యామండలి అధ్యక్షుడైన బెథూన్ దొరకు చేరెను. స్త్రీవిద్యకై పాఠశాల నెలకొల్పిన మహనీయుడాయన. ఇంత ప్రతిభ కలవాడు పరభాషలో పద్యములల్లుటకంటె తన భాషను ఉద్ధరించుటకు పూనుకొన్నచో ఎక్కువ మేలు కలుగునని ఆయన హితవు చెప్పెను. గౌరదాసు ఆ మాటను మద్రాసునకు వ్రాసెను. ఆంగ్ల కవితకై ఇల్లు విడిచిన యువకునికి, ఇంటికి మరలుమని చెప్పినవాడు ఆంగ్లేయుడే యగుట విశేషము.

కాని ఇంటికి మరలుట అంత సులభము కాలేదు. 1851లో తల్లి మరణించెను. 1855లో తండ్రియు మరణించెను. తండ్రి మరణవార్త అతనికి వెంటనే తెలుపువారు కూడ లేకపోయిరి. మధుసూదనుడే చనిపోయెనని చెప్పుకొనుచు జ్ఞాతులు ఆస్తికై తగవులాడుచున్నారని గౌరదాసు జాబు వ్రాయగా, పెక్కు నెలలకు అతనికి సంగతి తెలిసెను. 1856 ఫిబ్రవరిలో అతడు కలకత్తా చేరెను. ఎనిమిది సంవత్సరములు బెంగపెట్టుకొన్న యింట తల్లియు లేదు, తండ్రియు లేడు. ఇచ్చట మరియొక దుఃఖకరమైన విషయమును దాచరాదు. రెబెకాను, ఆమె బిడ్డలను అతడు మద్రాసులోనే విడిచి వచ్చెను. మరల వారి యొద్దకు పోలేదు. తరువాత హెన్రియెట్టా అను స్త్రీ మద్రాసు నుండి వచ్చి అతనితో కాపురము చేసెను. తన యింటికై తపించిన కవి మరియొక యింటిని కూల్చెను. అతని గొప్పతనమును చెప్పువారు దీనిని కూడ చెప్పవలసియున్నది.

కలకత్తాలో పోలీసు కోర్టున గుమాస్తాగాను, పిదప ద్విభాషిగాను అతడు పని చేసెను. 1858లో పైక్‌పాడా రాజులు తమ బేల్‌గాఛియా నాటకశాలలో రత్నావళి నాటకమును ప్రదర్శింపబూని, ఆంగ్ల ప్రేక్షకులకై దానిని అనువదించుమని మధుసూదనుని కోరిరి. ఆ పని చేయుచు, వంగభాషలో ఇంతకంటె మంచి నాటకములు లేకుండుట లోపమని తలచి తానే శర్మిష్ఠ నాటకమును వ్రాసెను. అది 1859లో వెలువడెను. ఆ యేడు పుట్టిన కుమార్తెకు శర్మిష్ఠ యనియే పేరు పెట్టెను. వంగభాషలో ప్రాస లేని పద్యము సాధ్యము కాదని జతీంద్రమోహన ఠాకూరు వాదింపగా, సాధ్యమని చూపుటకు 1860లో తిలోత్తమా సంభవ కావ్యమును రచించెను. ఠాకూరుగారు సంతోషముతో అచ్చుఖర్చు భరించిరి. 1861లో మేఘనాదవధ కావ్యము, వ్రజాంగన, కృష్ణకుమారి నాటకము, 1862లో వీరాంగన వెలువడినవి. నాలుగేండ్లలో ఒక భాష ముఖచ్ఛాయయే మారిపోయినది. మద్రాసులో ఒంటరిగా చదివిన చదువంతయు, దాచుకొన్న బెంగ యంతయు ఈ నాలుగేండ్లలో కట్ట తెగిన చెరువువలె ప్రవహించినది.

ఇంత కీర్తి వచ్చినను చిన్ననాటి కోరిక చావలేదు. ఇంగ్లండు పోయి బారిస్టరు కావలెనని అతడు నిశ్చయించెను. పిత్రార్జితమైన భూములను ఇతరుల కప్పగించి, వారు తన భార్యకును, తనకును నియమముగా ధనము పంపునట్లు ఏర్పాటు చేసి, 1862 జూన్ 9వ తేదీన క్యాండియా యను ఓడలో బయలుదేరెను. పోవుటకు ముందు వంగమాతకు వీడ్కోలు చెప్పుచు ఒక పద్యము వ్రాసెను. యౌవనమున వెనుదిరిగి చూడక పోవలెనని తలచిన వాడే, ఇప్పుడు తన్ను మరువవలదని జన్మభూమిని వేడుకొనెను. ఓడ రేవు దాటకమునుపే బెంగ మొదలైన దన్నమాట.

లండనులో గ్రేస్ ఇన్ అను న్యాయవిద్యాసంస్థలో చేరెను. బాల్యము నుండి కలలు కన్న దేశమందు అతడు పొందిన ఆనందము స్వల్పము. భూములను తీసికొన్నవారు ధనము పంపుట మానిరి. కలకత్తాలో దిక్కు తోచక హెన్రియెట్టా బిడ్డలతో 1863లో ఇంగ్లండు చేరెను. లండనులో బ్రతుకుట దుర్భరమై కుటుంబమంతయు ఫ్రాన్సులో పారిస్ నగరమునకు చేరువనున్న వెర్సాయి పట్టణమునకు మారెను. ఫ్రెంచి రాజుల మహాసౌధములకు పేరు పొందిన ఆ పట్టణమున, ఒక భారతీయ మహాకవి బిడ్డలకు అన్నము పెట్టలేక బాధపడెను. అప్పులవారు చుట్టుముట్టిరి. చెరసాల భయము కలిగెను. కలకత్తాకు వ్రాసిన జాబులకు జవాబు లేదు.

చిట్టచివరకు 1864 జూన్ 2వ తేదీన ఈశ్వరచంద్ర విద్యాసాగరునకు జాబు వ్రాసెను. విద్యాసాగరుడు ధనవంతుడు కాడు. ధోవతి కట్టి చెప్పులు తొడిగిన సనాతన బ్రాహ్మణ పండితుడు. మతము మార్చుకొని దొరవేషము వేసిన మధుసూదనునికిని, ఆయనకును ఆచారమున పోలికయే లేదు. అయినను ఆ కరుణాసముద్రుడు ఒక్క క్షణము తడయలేదు. సూయజు కాలువ తెరువబడుటకు ముందు దినములవి. జాబు పోయి జవాబు వచ్చుటకు దాదాపు మూడు మాసములు పట్టెను. ఆగస్టు చివర నొకనాడు, ఊరిలో జరుగు తిరునాళ్లకు పోవలెనని బిడ్డలు మారాము చేయుచుండగా, ఇంట మూడు ఫ్రాంకులు మాత్రమే యున్నవని హెన్రియెట్టా కన్నీరు పెట్టుకొనెను. ఆ దినము టపా వచ్చు దినమనియు, తాను వేడుకొన్నవాడు మహర్షి వంటి జ్ఞానము, తల్లి వంటి హృదయము కలవాడనియు మధుసూదనుడు ఆమెకు ధైర్యము చెప్పెను. ఒక గంట గడచునప్పటికి విద్యాసాగరుని జాబును, దానితో 1500 రూపాయలును చేరినవి. పిమ్మటను ఆయన పలుమారులు పంపెను. తన యొద్ద లేనప్పుడు ఇతరుల యొద్ద అప్పు తెచ్చి పంపెను. దూరదేశమున నున్నవానికి స్వగ్రామము నుండి వచ్చిన యొక జాబు ఎట్టి ప్రాణాధారమగునో ఈ ఘట్టమువలన తెలియును.

ఈ కష్టకాలముననే మధుసూదనుని కలమునుండి చతుర్దశపదులు జాలువారినవి. ఇది ఇటలీలో పెట్రార్కు మొదలగు కవుల వలన ప్రసిద్ధమైన పద్యరూపము. పదునాలుగు పాదములలో ఒక భావము ముగియవలెను. అప్పటికి అతడు ఫ్రెంచి, ఇటాలియను, జర్మను భాషలను నేర్చుచుండెను. కిటికీ వెలుపల ఐరోపా ఖండపు వైభవమంతయు నుండెను. అయినను అతడు వ్రాసిన నూటికి పైబడిన పద్యములలో ఎక్కువ భాగము వేనిని గూర్చి? కృత్తివాసుని గూర్చి, కాశీరామదాసుని గూర్చి, జయదేవుని, కాళిదాసుని గూర్చి. మఱ్ఱిచెట్టును గూర్చి, ఏటి యొడ్డున నున్న పండ్రెండు శివాలయములను గూర్చి, కోజాగరి లక్ష్మీపూజను గూర్చి, విజయదశమిని గూర్చి. వాటి నడుమ కపోతాక్ష నది కలదు. ఎన్ని దేశముల ఎన్ని నదులను చూచినను ఆ నది సవ్వడి తన చెవులలో మ్రోగుచునే యున్నదని అతని భావము.

విజయదశమి పద్యమును గూర్చి ఒక మాట చెప్పవలెను. వంగదేశమున దుర్గాదేవిని అత్తవారింటి నుండి మూడు దినములకై పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డగా భావింతురు. దశమినాడు ఆమె మరల కైలాసమునకు పోవును. తొమ్మిదవనాటి రాత్రి తెల్లవారకూడదని ఆమె తల్లి కోరుకొనును. మన తెలుగు ఆడపడుచులు పుట్టిల్లు విడిచి పోవునప్పటి దుఃఖమే అది. మతము మార్చుకొని యిరువదియేండ్లు దాటిన వాడు, దుర్గాపూజలు లేని దేశమున, ఫ్రెంచి శీతకాలమున ఆ తల్లిదుఃఖమును పాడెను. అతడు విడిచినది మతమును మాత్రమే. జాహ్నవీదేవి యొడిలో విన్నదానిని విడువలేదు. అది విడుచుటకు వీలైనది కాదు.

ఆ పద్యములలోనే, తన భాషాభాండారమున నున్న రత్నములను కానక పరుల వాకిట భిక్షమెత్తితినని అతడు పశ్చాత్తాపపడెను. 1865లో ఇటలీ మహాకవి డాంటే ఆరువందల జయంతి జరుగగా, అతనిని గూర్చి వంగభాషలోనే పద్యము వ్రాసి అనువాదముతో ఇటలీ రాజునకు పంపెను. ఇంగ్లీషులో వ్రాసి ఇంగ్లండును మెప్పింపదలచిన బాలుడు, వంగభాషలో వ్రాసి ఐరోపా రాజునకు పంపువాడయ్యెను. చతుర్దశపదీ కవితావళి 1866లో కలకత్తాలో వెలువడెను.

1866 నవంబరులో బారిస్టరు పట్టము పొంది, 1867 ఫిబ్రవరిలో మధుసూదనుడు కలకత్తా చేరెను. కథ ఇచ్చట సుఖాంతమైనచో బాగుండెడిది. హైకోర్టులో ప్రాక్టీసు ప్రారంభించెను, ధనమును సంపాదించెను, కాని అంతకు మించి వ్యయము చేసెను. ఖరీదైన హోటలులో కాపురముండెను. అడిగినవారికి లేదనకుండ నిచ్చెను. ఆదుకొన్న విద్యాసాగరుని అప్పు తీర్చుటకే ఆస్తి కరగిపోయెను. వెర్సాయిలో తలచుకొన్న వంగదేశము ఒకటి, కలకత్తాలో కాపురముండిన వంగదేశము మరియొకటి. కపోతాక్ష తీరపు జీవితమునకు మరల దారి లేదు. ఆ యింటి మనుష్యులు గతించిరి. తన అలవాట్లును మారినవి. దూరముననున్నప్పుడు దేశమే దూరము. తిరిగి వచ్చిన పిదప కాలము దూరమైనది. బెంగపడు ప్రతివాడును ఎప్పుడో ఒకప్పుడు ఎరుగవలసిన సత్యమిది.

ఐనను తాను ఎవరైనదియు అతడు మరువలేదు. ఢాకా నగరము పోయినప్పుడు అచ్చటివారు సన్మానము చేసి, ఇంతటి కవి దొరగా మారినాడే యని నొచ్చుకొనిరి. తనకు దొరతనము మీదికి మనస్సు పోయినప్పుడు చూచుకొనుటకు గదిలో నొక అద్దమున్నదనియు, అందు కనిపించు నలుపురంగు తన్ను హెచ్చరించుననియు అతడు నవ్వుచు బదులు చెప్పెను. అంతేగాక తాను జెస్సోరు జిల్లావాడనని, అనగా తూర్పు వంగపు పల్లెటూరివాడనని కలిపెను. సభ యంతయు సంతోషించెను.

చివరి రోజులు అతిదయనీయములు. రోగము, ఋణము రెండును ముదిరినవి. 1873లో గంగాతీరమున నున్న ఉత్తరపాడా గ్రంథాలయ భవనమున మధుసూదనుడు కొన్ని వారములు భార్యాబిడ్డలతో తలదాచుకొనెను. జమీందారు జయకృష్ణ ముఖోపాధ్యాయుడు 1859లో స్థాపించిన గ్రంథాలయమది. ఇల్లు లేని కవికి చివరకు నీడ నిచ్చినది పుస్తకముల యిల్లే. గౌరదాసు చూడవచ్చునప్పటికి కవి శయ్యపై రొప్పుచు రక్తము కక్కుచుండెను; హెన్రియెట్టా నేలపై జ్వరముతో పడియుండెను. అచ్చటి నుండి అతనిని కలకత్తా ఆసుపత్రికి చేర్చిరి. జూన్ 26వ తేదీన హెన్రియెట్టా మరణించెను. మూడు దినములకు, 1873 జూన్ 29వ తేదీన, మధుసూదనుడు తన నలువదితొమ్మిదవ యేట కన్ను మూసెను. కలకత్తాలోని లోయర్ సర్క్యులర్ రోడ్డు శ్మశానవాటికలో ఇరువురును ప్రక్కప్రక్కనే విశ్రమించుచున్నారు.

అతని సమాధిపై చెక్కబడిన పద్యము అతడు బ్రదికియుండగనే వ్రాసికొన్నది. దారిన పోవు వంగదేశీయుని ఒక క్షణము నిలువుమని అందు వేడుకొనెను. తల్లి యొడిలో బిడ్డవలె ఈ నేలలో నిద్రించుచున్నానని చెప్పి తన చిరునామాను విన్నవించెను. అందు బారిస్టరు బిరుదము లేదు, లండను లేదు, వెర్సాయి లేదు, కావ్యముల పట్టికయు లేదు. ఉన్నవి జెస్సోరు, సాగర్‌దాడి, కపోతాక్ష తీరము, తండ్రి రాజనారాయణుడు, తల్లి జాహ్నవి. ఇల్లు విడిచిన ముప్పదియేండ్లకు ఆ కుమారుడు ఆ యింటి పేరుతోనే శాశ్వతముగా నిలిచెను.

1947లో దేశవిభజన జరిగి సాగర్‌దాడి తూర్పు పాకిస్తానములోనికి, 1971 తరువాత బంగ్లాదేశములోనికి చేరినది. కవి సమాధి ఒక దేశమున, జన్మగృహము మరియొక దేశమున నున్నవి. పూడికచే కపోతాక్ష నది పెక్కుచోట్ల సన్నబడినది. కాని కవి పుట్టిన యింటిని భద్రముగా కాపాడుచున్నారు. జనవరి మాసమున అతని జన్మదినమునకు అచ్చట మధుమేళా యను తిరునాళ్లు జరుగును. మతాంతరుడైనాడని ఒకనాడు బాధపడిన ఊరే నేడు అతని పేరు చెప్పుకొని పండుగ చేయుచున్నది.

ఊరు విడిచి పోవుట తప్పు కాదు. మధుసూదనుడు సాగర్‌దాడిలోనే యుండినచో గ్రీకు, లాటిను భాషలు నేర్చువాడు కాడు. అమిత్రాక్షర ఛందస్సు పుట్టెడిది కాదు. పోయినవాడు మరువకుండుటయే ముఖ్యము. మద్రాసులో ఒంటరియైన యువకునికి మిత్రుడు పంపవలసిన వస్తువు ధనము కాదు, రెండు పుస్తకములు. అవి అతనికి తల్లిభాషను నిలిపినవి. నేడును ఊరు విడిచిన బిడ్డలు సెలవులకు వచ్చినప్పుడు గ్రామ గ్రంథాలయమున కొంతసేపు కూర్చుండి, ఇచ్చటి పుస్తకము నొకటి వెంట గొనిపోవుట మంచిది. ఊరిలో నుండువారు దూరముననున్న తమవారికి ఒక జాబుతో నొక తెలుగు పుస్తకమును కలిపి పంపుట అంతకంటె మంచిది. అది చేరిన చోట ఎవరి బెంగ కొంత తగ్గునో, ఎవరి కలము కదలునో ఎవరికి తెలియును!